ఒకరు బయటపడ్డాకే ఇంకొకరు

అత్త పోయిందని కబురు వచ్చిన పొద్దున నేను సత్రపట్టి నుంచి బస్సులో రాజపాళయం వచ్చి, స్టాండు బయట ఆటో ఎక్కాను. ఏ వీధి అన్నాడు డ్రైవరు. చెప్పాను. ఎవరిల్లు అన్నాడు. అత్త పేరు చెబితే అతనికి తెలియలేదు. "సేత్తూరు రోడ్డులో నీళ్ల పార్కు ఉండేది చూడు, ఆవిడ" అన్నాను.

ఆటో వేగం తగ్గింది. "మైక్ అమ్మా? మైక్ అమ్మ పోయినాదా?" అని అద్దంలోంచి నన్ను చూశాడు. తనే అందుకున్నాడు. "చిన్నప్పుడు నన్ను మెట్లకాడినుంచే తిరిగి పంపించేసినాది అక్కా, ఎత్తు చాలలేదని. నేను నేలమీద పడి దొర్లినాను. అప్పుడు మైకులో, 'ఆ ఎర్ర చొక్కా పిల్లోడికి ఎవురైనా ఐస్ కొనివ్వండప్పా, పావం' అని చెప్పినాది. అందరూ నన్ను చూసి నవ్వినారు. ఆ పొద్దు ఆయమ్మని ఎంత తిట్టుకున్నానో."

ఊళ్లో చాలామందికి అత్త అంటే ఒక గొంతు. ఆ గొంతు పెద్దది కూడా కాదు. సన్నగా, కొంచెం జీరగా ఉండేది. మనిషి ఇంకా సన్నం. నలిగిన నూలు చీర, దారం కట్టి మెడలో వేలాడేసుకున్న కళ్లజోడు. మాట్లాడబోయే ముందు ఎదురుగా ఏది ఉంటే దాన్ని వేలితో రెండుసార్లు తట్టేది, మైకు పనిచేస్తోందా అని చూసుకున్నట్టు. ఇంట్లో అన్నం తినమని పిలిచేముందు కూడా గిన్నెను తట్టేది. మా పిల్లలు ఆమె వెనక చేరి "హలో, హలో" అనేవాళ్లు. ఆమెకు తెలిసేది కాదు.

అత్త మా నాన్నకు అక్క. మామ తన వాటాకు వచ్చిన మామిడితోపులో నీళ్ల పార్కు కట్టాలనుకున్నాడు. చిన్నపిల్లలకు రెండు జారుడుబల్లలు, పెద్దవాళ్లకు ఒక పెద్ద నీలం గొట్టం. ఆ గొట్టం కొత్తది కాదు. ఎక్కడో మూతపడిన పార్కులో విప్పేస్తే కొన్నాడు. ముక్కలు ముక్కలుగా లారీల్లో వచ్చి తోపులో చెట్లకింద పడ్డాయి. వాటిని ఎట్లా బిగించాలో చూపే ప్లాను మాత్రం రాలేదు. బోల్టు రంధ్రాలు ఏ ముక్కకు ఏది సరిపోతే అది బిగిస్తూ పోయారు. పార్కు తెరవకముందే మామ గుండె ఆగి చనిపోయాడు. చీలమండలు దాటి నీళ్లలోకి ఎన్నడూ దిగని అత్త, అప్పటికే పెట్టిన పెట్టుబడిని చూసి, తానే నడుపుతానంది.

నాకు అప్పటికి పెళ్లయి ఇద్దరు పిల్లలు. టికెట్ల కిటికీ దగ్గర కూర్చోడానికి సొంత మనిషి కావాలని నన్ను పిలిచింది. అట్లా ఆ సంవత్సరాలన్నీ నేను ఆమె పక్కనే ఉన్నాను.

ఆమెకు నీళ్లంటే భయం, ఎత్తంటే భయం, మూసిన చోటంటే భయం. తనకున్న భయాలన్నిటినీ రూల్సు చేసి పెట్టింది. చేతులు ఎదమీద కట్టుకొని, వెల్లకిల పడుకొని, కాళ్లు ముందుకు పెట్టి జారాలి. తల ముందుకు పెట్టకూడదు. ఒకరిని ఒకరు పట్టుకొని జారకూడదు. గాజులు, గొలుసులు, దుపట్టా కూడదు. కడుపుతో ఉన్నవాళ్లు, గుండె జబ్బువాళ్లు, అప్పుడే బిర్యానీ తిని వచ్చినవాళ్లు కూడదు. నీళ్లు పారకుంటే అసలు ఎవరూ జారకూడదు. వీటన్నిటికన్నా పెద్ద రూలు, ఒకరు కింద తొట్టిలోంచి బయటపడ్డాకే ఇంకొకరిని పైనుంచి వదలాలి. కింద నిలబడే మనిషి ఈల ఊదితే పైన నిలబడే మనిషి వదలాలి. ఇవన్నీ పొద్దున్నుంచి సాయంత్రందాకా మైకులో అరవంలో చెప్తూనే ఉండేది. కోపం వస్తే మాత్రం మన తెలుగులోకి దిగేది. "ఏమప్పా ఆ పచ్చ చొక్కా, నీకి చెవులుండాయా లేదా? మీసాలు వచ్చినాయి, బుద్ధి ఎప్పుడు వస్తాది?"

తలుపులు తెరవకముందు ఆమె చేసే పని ఒకటుంది. తన పాత పట్టుచీర కొంగు చించి దగ్గర పెట్టుకుంది. ఆ పట్టుముక్కను పనివాడి చేతికిచ్చి గొట్టంలో పైనుంచి కిందిదాకా అతుకు అతుకుమీదా ఈడ్పించేది. కింది భాగంలో తానే వంగి ఈడ్చేది. పోగు ఎక్కడైనా తట్టుకుందంటే అక్కడ అంచు లేచినట్టు. "పట్టు తట్టుకుంటే తోలు తట్టుకోదా?" అనేది. ఆ అంచు సాపు చేసి, మళ్లీ పట్టు ఈడ్చి చూసేదాకా గేటు తెరవనిచ్చేది కాదు. బయట వరుసలో నిలబడ్డవాళ్లు నా కిటికీని కొట్టి తిట్టేవాళ్లు.

ఒక ఆదివారం, ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి ఒకాయన పెళ్లిగుంపుతో వచ్చాడు. తానూ, ఇద్దరు కొడుకులూ, కొత్తల్లుడూ ఒకరి నడుములు ఒకరు పట్టుకొని కలిసి జారాలని, కింద ఫోటోవాడిని నిలబెట్టాడు. అత్త మైకులో వద్దంది. ఆయన పైనుంచే చెయ్యి ఊపి నవ్వాడు. పైన నిలబడే మనిషి అడ్డం పడితే పక్కకు నెట్టాడు. అత్త మైకు పెట్టేసి, మోటారు గదిలోకి పోయి స్విచ్చి ఆపేసింది. గొట్టంలో పారే నీళ్లు సన్నబడి ఆగిపోయాయి. ఆమె వచ్చి మైకు తట్టి, "ఇప్పుడు జారు, చూస్తాను" అంది.

అంతమంది ఎదుట ఆయన మెట్లు దిగి రావాల్సి వచ్చింది. పోతూ పోతూ, "ఒక ఆడది నడిపే పార్కు ఇట్లానే ఉంటాది" అన్నాడు. ఆ గుంపు తర్వాత ఎన్నడూ రాలేదు. ఆమె పట్టింపు చూసి నాకే విసుగనిపించేది. ఒకసారి అడిగాను. "ఎందుకత్తా ఇంత? మిగతా పార్కుల్లో ఎవురు చూస్తున్నారు ఇదంతా?"

"వాళ్లకి ధైర్యం ఉండాది. నాకి లేదు" అంది.

ఎండలు మండే ఒక మధ్యాహ్నం అది జరిగింది. సెలవులు. తోపంతా జనం. తళవాయిపురం నుంచి ఒక వ్యవసాయం చేసే కుటుంబం వచ్చింది, మన భాషవాళ్లే. వాళ్ల అమ్మాయి నా కిటికీ దగ్గర వేళ్లమీద లేచి నిలబడి, "నేను పెద్ద దాంట్లో పోవచ్చా అక్కా?" అని అడిగింది. మెట్లదగ్గర కొలిచారు. ఎత్తు సరిపోయింది. ఆమె పైకి పోయి, చేతులు ఎదమీద కట్టుకొని, చెప్పినట్టే పడుకుంది. గొట్టంలోకి పోయింది.

అప్పుడే కరెంటు పోయింది.

మోటారు ఆగింది. జనరేటరు వెంటనే అందుకోవాలి, అందుకోలేదు. గొట్టం నడిమి వంపులో కొంచెం చదునుగా ఉండే చోటు ఒకటుంది. నీళ్ల ఒరవడి ఉన్నంతసేపూ అది ఎవరికీ తెలియదు. బరువులేని పిల్ల, నీళ్లు తగ్గేసరికి అక్కడ ఆగిపోయింది.

అమ్మాయి తొట్టిలోకి రాలేదని అత్త చూసింది. మైకు అందుకుని "ఆపండి" అంది. మైకు పలకలేదు. కరెంటు లేదు కదా. "పైన ఆపండప్పా!" అని ఉత్త గొంతుతో అరిచింది. ఆ జనం గోలలో నాకే సరిగ్గా వినపడలేదు, నేను పక్కనే ఉన్నాను. ఆమె మైకు పారేసి మెట్లవైపు పరుగెత్తింది. రెండు మెట్లు ఎక్కితే కళ్లు తిరిగే మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని ఎక్కింది. నేనూ వెనకే ఎక్కాను.

సగం దారిలో మెట్లు ఆ వంపు పక్కగా పోతాయి. చెయ్యి చాపితే గొట్టం అందుతుంది. అక్కడ లోపలినుంచి ఏడుపు వినపడింది.

"అమ్మా, చీకటిగా ఉండాదమ్మా. నాకి కదిలేకి కాలేదమ్మా."

అత్త ఆగిపోయింది. రెండు అరచేతులూ గొట్టానికి ఆనించింది. "నేను ఉండాను తల్లీ. ఇక్కడే ఉండాను. పయపడొద్దు, మెల్లిగా కిందికి జరుగు" అని, నన్ను చూసి, "నువ్వు పైకి పో, ఆపు!" అని అరిచింది. నేను ఆమెను దాటుకొని ఎక్కాను.

గేటు బయట బెలూన్లు, ప్లాస్టిక్ పీపీలు అమ్మేవాడు ఒకడుండేవాడు. లోపలికొచ్చిన పిల్లల్లో సగంమంది చేతుల్లో అవే. కింద ఎవరో పిల్లవాడు పీపీ ఊదాడు. పైన నిలబడే మనిషి దాన్నే ఈల అనుకున్నాడు. గొట్టం మొదట్లో ఇంకా సన్నగా నీళ్లు పారుతుంటే, మోటారు ఆగిందని అతనికి తెలియలేదు. నేను పైకి చేరేసరికి ఒక బరువైన మనిషి కాళ్లు ముందుకు పెట్టి అంచు దాటేశాడు.

దొర్లుకుంటూ వచ్చే ఆ చప్పుడు కిందనున్న అత్తకు ముందే వినపడింది. ఆ తర్వాత బతికున్నంతకాలం ఆమె చెప్పింది ఆ చప్పుడు గురించే. "పైనుంచి వస్తా ఉండాది. నా చేతికింద ఆ పిల్ల ఉండాది. నడుమ ఈ ఫైబర్ ఉండాది. నేను కొడతా ఉండాను, కొడతా ఉండాను." నేను తిరిగి దిగేసరికి ఆమె ఇంకా రెండు చేతులతో గొట్టాన్ని బాదుతూనే ఉంది. లోపల ఏడుపు ఆగిపోయింది.

అమ్మాయి బతికింది. మదురై ఆస్పత్రిలో చాలాకాలం ఉంది. ఆ మనిషి కాళ్లు ఆమె వెన్నుకు తగిలాయి. నడుము కింద స్పర్శ రాలేదు.

పోలీసులు పైన నిలబడే మనిషిని పట్టుకుపోయారు. అత్త స్టేషనుకు పోయి, "వాడిని వదిలేయండి. ఈల రూలు పెట్టింది నేను. గేటుకాడ పీపీలు అమ్మేది రోజూ చూసింది నేను. కంటికి కనపడని చోటికి చెవిని నమ్మి మనిషిని పంపినాను" అంది. వాళ్లు ఆమె పేరూ రాసుకున్నారు. పార్కు మూతపడింది. కేసు నడిచింది. అత్త మాత్రం రోజూ మదురై బస్సు ఎక్కి ఆస్పత్రికి పోయేది. మొదట్లో ఆ అమ్మాయి వాళ్లు ఆమెను గదిలోకి రానివ్వలేదు. ఆమె వరండాలో బెంచీమీద కూర్చొని సాయంత్రం తిరిగొచ్చేది. "సుమ్మా ఊరికే ఎందుకత్తా పోయేది?" అంటే, "ఇక్కడ ఉండి ఏమి చేయను?" అనేది.

కొన్నాళ్లకు ఆమె మరిది ఒక బేరం తెచ్చాడు. బస్సులో గంటకు పైబడి పోవాల్సిన ఊళ్లో ఎవరో కొత్తగా పార్కు కడుతున్నారు. నీలం గొట్టం వాళ్లకు కావాలి. వచ్చే డబ్బు అమ్మాయి వైద్యానికి ఇవ్వొచ్చు. అత్త కాదనలేదు. చూడ్డానికి వాళ్ల మేస్త్రీ వచ్చాడు. పెద్దవయసువాడు. గొట్టంలోకి తల పెట్టి చూసి, బయటికి వచ్చి నవ్వాడు. "ఇదా? ఇది నేనే విప్పినాను అమ్మా, మునుపు. అక్కడ కూడా ఈ వంపులోనే ఒక అబ్బాయి ఇరుక్కున్నాడు. వెనకాల వచ్చినవాడు తగిలి దవడ పోయింది. దానికే కదా అమ్మేసినారు."

"మాకి ఎవురూ చెప్పలేదే" అంది అత్త.

"అమ్మేవాడు చెప్తాడా?" అన్నాడు మేస్త్రీ. చెడ్డమనిషేం కాదు. అడిగితే చెప్పాడు, అంతే.

"మీరు కట్టేకాడ ఈ వంపు మారుస్తారా?"

"ఉండేది ఉన్నట్టే బిగించడమేనమ్మా. మార్చాలంటే కొత్తది కొనుక్కోవచ్చు."

ఆ రోజు సాయంత్రమే అత్త నన్ను వెంటబెట్టుకొని తళవాయిపురం పోయింది. అప్పటికి అమ్మాయిని ఇంటికి తెచ్చారు. వాకిట్లో నులకమంచం మీద పడుకొని ఉంది. వాళ్లమ్మ పశువులకు చొప్ప కోస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. అత్త నిలబడే సంగతంతా చెప్పింది, మేస్త్రీ మాటలతో సహా. చివర, "ఇప్పుడు దాన్ని అమ్మమంటావా, వద్దంటావా? నువ్వే చెప్పమ్మా" అంది.

ఆ తల్లి కొడవలి కింద పెట్టింది. "నన్ను అడిగేకి వచ్చినావా?" అంది. అంతవరకూ అత్తను మీరు అనే పిలిచేది. "నేను వద్దంటే నీ మనసు చల్లబడాల, అంతేకదా? అమ్ము. నా పిల్ల మందులకి కావాల. ఏ ఊళ్లో ఎవురి పిల్ల ఏమైతే నాకేమి? నా పిల్లని ఎవురు చూసినారు?"

అత్త తల ఊపింది. "శరి" అంది. మంచం మీద పిల్ల మావైపే చూస్తోంది. అత్త దగ్గరికి పోయి ఆమె పాదం మీదికి జరిగిన దుప్పటి సర్దింది. పిల్లకు అది తెలియలేదు. తిరుగు బస్సులో ఊరు వచ్చేదాకా అత్త కిటికీ కమ్మీ పట్టుకొని కూర్చుంది.

ఇక అమ్మేస్తుందనుకున్నాను. మర్నాడు నేను తోపుకు పోయేసరికి, ఎక్కడినుంచో అద్దెకు తెచ్చిన కటింగ్ మిషను రయ్యిమంటోంది. కోసే మనిషిని పక్కన నిలబెట్టుకొని, సుద్దముక్కతో ఆ వంపుమీద అడ్డంగా గీతలు గీసి ఇస్తోంది. అతను ఒక గీత కోసి, "మంచి సరుకు కదమ్మా, పాడైపోతాదే" అని మిషను ఆపేశాడు. ఆమె మిషను లాక్కుంది. ఎట్లా పట్టుకోవాలో కూడా తెలియదు. మిషను ఎగిరెగిరి పడుతుంటే భుజంతో నొక్కి కోసింది. తెల్లటి పొడి జుట్టుమీద, కళ్లజోడుమీద, ముఖమంతా పడింది. భయపడి అతనే తిరిగి అందుకొని మిగిలిందంతా కోశాడు.

మరిది పరుగున వచ్చాడు. "వదినా, నీకి పిచ్చి పట్టినాదా? ఆ పిల్లకి ఏమి ఇస్తావు ఇప్పుడు?"

"తోపు ఇస్తాను."

"తోపు మా నాయన సంపాదించినాది!"

"నీ వాటా నీకుండాది. ఇది నా మొగుడిది. తోపు అమ్ముతాను, ఆ గొట్టం అమ్మను. ఆ అమ్మేవాడు మాకి చెప్పలేదు. నేను చెప్పినా, కొనేవాడు కొంటాడు. నేనేమి చేయాల, చెప్పు!" అని అరిచి, అక్కడే ఆ ముక్కల నడుమ కూలబడింది. ఫైబర్ నూగు దిగి ఆమె మెడ, చేతులు రోజుల తరబడి దద్దుర్లు పొక్కాయి. గోక్కుంటూనే రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి సంతకాలు పెట్టింది. డబ్బు తళవాయిపురం పంపించింది. ఆ తల్లి తీసుకుంది. మాట మాత్రం కలపలేదు. మరిది రాకపోకలు మానేశాడు. అత్త ఒక అద్దె గదిలోకి మారింది.

అంతటితో ఆమెకు కొంచెం నెమ్మది వస్తుందనుకున్నాం. రాలేదు. ఆ కొత్త పార్కువాళ్లు ఇంకెక్కడినుంచో వేరే గొట్టం తెచ్చి బిగించుకున్నారు. పార్కు తెరిచారు. గోడలమీద పోస్టర్లు పడ్డాయి. అత్త ఒక ఆదివారం బస్సెక్కి పోయి, టికెట్టు కొనుక్కొని, పొద్దంతా ఆ మెట్లకింద నిలబడింది. "పైన చూడప్పా, ముందరోడు రాలేదు" అని చెప్తూనే ఉందట. మొదటిసారి నవ్వుకున్నారు. రెండోసారి ఆఫీసులోకి పిలిచి మర్యాదగా చెప్పారు. ఆ తర్వాత టికెట్టు ఇవ్వడం మానేశారు. అయినా పోయేది. వాచ్‌మన్ దగ్గర నా నంబరు ఉండేది. "అమ్మగారు మళ్లీ వచ్చినారు, వచ్చి తీసుకుపోండి" అని ఫోను చేసేవాడు.

ఒకసారి నేను పోయేసరికి ఆమె గేటు దగ్గర లేదు. ప్రహరీ చుట్టూ తిరిగి చూస్తే, వెనకవైపు ముళ్లకంప పక్కన, కంచె అవతల నిలబడి ఉంది. అక్కడినుంచి గొట్టం పై అంచూ కనపడుతుంది, కింద తొట్టీ కనపడుతుంది. రెండూ కనపడే చోటు ఆ పార్కు మొత్తంలో అదొక్కటే ఉన్నట్టుంది. ఎండ నెత్తిమీద ఉంది. కుడిచెయ్యి పైకెత్తి, అరచెయ్యి తెరిచి పట్టుకుంది. గొంతు పూర్తిగా పోయింది, ఇక అరిచే ఓపిక లేదు.

పైన నిలబడాల్సిన మనిషి రెయిలింగుకు ఆనుకొని ఫోను చూసుకుంటున్నాడు. అంచున కూర్చున్న పిల్ల అతన్ని చూడడం లేదు. కంచె అవతలున్న ఈ ముసలామెను చూస్తోంది. తొట్టిలో ఒక తల తేలింది, గట్టెక్కింది. అత్త చెయ్యి దించింది. పిల్ల పడుకొని, చేతులు కట్టుకొని, జారింది. అత్త చెయ్యి వెంటనే పైకి లేచింది. తర్వాతి పిల్లవాడు అంచుకు వచ్చి కూర్చున్నాడు. అతనూ ఆమెనే చూశాడు.

"అత్తా, ఎప్పటినుంచి నిలబడినావు? మొగం చూడు ఎట్లా అయిపోయినాదో. రా, బస్సు పోతాది" అన్నాను. మోచెయ్యి పట్టుకున్నాను.

ఆమె నావైపు తిరగలేదు. తొట్టినే చూస్తోంది.

"వదులు. లోపల పిల్ల ఉండాది" అంది.

ఆ పిల్ల తేలింది. అత్త చెయ్యి దించింది, అంచున ఉన్న పిల్లవాడు జారాడు, చెయ్యి మళ్లీ లేచింది.

"వచ్చేసినాది కదా అత్తా. ఇంక పోదాం."

"నువ్వు పో. వాని వెనకాల ఇంకొకడు ఉండాడు."